నాచు బిళ్ళలు, నల్ల కోట్లు

ఆ దర్జీ దుకాణంలో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. గుండీ దూరడానికి గుడ్డను చీల్చి, ఆ చీలిక చుట్టూ దారంతో కట్టే అంచే కాజా. పెళ్లయిన కొత్తల్లో ఆ దుకాణంలో కిటికీ పక్క స్టూలు మీద కూర్చుంది. జుట్టు నెరిసింది గానీ స్టూలూ మారలేదు, పనీ మారలేదు. కోటు ఎంత బాగా కత్తిరించినా కాజా వంకర పోతే కోటు మొహం వంకర పోయినట్టేనని ఆమె అంటుంది. తొడుక్కున్నవాడు రోజూ వేలు పెట్టేది అక్కడే. మిగతా కుట్లు ఎవడు తడిమి చూస్తాడు?

ఆమె పనికి పెద్ద సరంజామా ఏమీ లేదు. ఒక సూది, మైనం రుద్దిన పట్టు దారం, వేలికి ఇత్తడి తొడుగు, చిన్న కత్తెర, ఒక అట్టముక్క. అట్టముక్క అంచున గాట్లుంటాయి. గాటుకూ గాటుకూ మధ్య దూరమే కాజాకూ కాజాకూ మధ్య దూరం. ఇంట్లో ఏ మందు డబ్బా ఖాళీ అయినా, అట్ట గట్టిగా కనిపిస్తే చాలు, కత్తిరించి గాట్లు పెట్టి సంచిలో వేసుకుంటుంది. కోటుకో కొలత, చొక్కాకో కొలత. అట్ట పెట్టి సుద్దతో గుర్తులు వేసి, చీల్చి, అంచు వెంట లావు దారం పరిచి, దాని మీంచి ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. ముడులు క్యూలో నిలబడ్డ మనుషుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. ఒక్కటి తోసుకొచ్చినా వరస పాడవుతుంది.

ఆ మధ్య ఆ వరస పాడవుతూ వచ్చింది. మొదట ఆమె కిటికీ అద్దం మురికి పట్టిందని తిట్టింది. అద్దం తుడిచారు. తర్వాత సూదులు నాసిరకమంది. సూదులు మార్చారు. తర్వాత స్టూలు కదులుతోందంది. మాస్టరు వంగి స్టూలు కాళ్ల కింద గుడ్డముక్కలు మడిచి పెట్టి, లేచి ఆమె చేతి వైపు చూశాడు. ఆ చూపే ఆమె ఒళ్లు మండించింది.

మాస్టరంటే ఆ దుకాణం యజమాని, కటింగ్ మాస్టరు. ఆమెకంటే చిన్నవాడు. మాటకు ముందొక అక్కా, వెనకొక అక్కా. అయినా దుకాణం మూలన, పాత దుప్పటి కప్పిన కాజా మెషిన్ ఒకటుంది. ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే చవగ్గా వచ్చిందని తెచ్చి పెట్టాడు. "అవసరానికి ఉంటుందిలే అక్కా" అన్నాడు తెచ్చిన రోజు. ఆ అవసరం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆమె పైకి పోయినప్పుడో, ఆమె చెయ్యి పోయినప్పుడో.

ఆ చెయ్యే ఇప్పుడు వణుకుతోంది.

అలాంటి సమయంలో ఒక సంగీత బృందం వాళ్లు నల్ల కోట్ల ఆర్డరు ఇచ్చారు. నల్ల గుడ్డ మీద నల్ల దారం. కంటికి ఏదీ ఆనదు, అంతా వేళ్లే చూసుకోవాలి. కోటు ముందు భాగం ఒడిలో వేసుకుని ఆమె కాజాకు చీలిక పెట్టబోయింది. కత్తెర కొస గుర్తు దగ్గర ఆగాలి. ఆగలేదు. వేలు ఒక్కసారి ఎగిరిపడి కత్తెర గుర్తు దాటి గుడ్డలోకి పోయింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. చీలిక దాటితే ఆ ముక్కకు మందు లేదు.

మాస్టరు వచ్చి ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. "పోనీలే అక్కా. గుడ్డ ఇంకా ఉంది, మళ్లీ కత్తిరిస్తా. నువ్వు కొన్నాళ్లు రెస్టు తీసుకో" అన్నాడు.

"రెస్టు ఎందుకు? నేనేమైనా రాళ్లు మోస్తున్నానా?"

"ఈ మధ్య నీకు కోపం కూడా ఎక్కువైంది."

"గుడ్డ చింపింది చెయ్యి. మధ్యలో నా కోపం నిన్నేం చేసింది?"

మాస్టరు మూలకు వెళ్లి దుప్పటి తీశాడు. దుమ్ము లేచింది. ఆమె అట్టముక్కలూ, సూదుల డబ్బా సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది.

కోపం ఎక్కువైన మాట నిజమే, అది ఆమెకూ తెలుసు. గిన్నె చప్పుడైతే కోపం. భర్త టీ జుర్రితే కోపం. పక్కింటివాళ్ల తలుపు కిర్రుమంటే లేచి వెళ్లి తలుపుకు నూనె పోసి రావాలనిపించేది. రాత్రి నిద్ర లేదు, గుండె ఎవరో తరుముతున్నట్టు కొట్టుకునేది, చలిలోనూ చెమటలు. బాగా తింటున్నా రవికెలు వదులవుతున్నాయి. చూసినవాళ్లు మాత్రం "అబ్బ, ఎంత సన్నబడ్డావు, ఏం చేస్తున్నావేంటి?" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు విని ఆమె కొన్నాళ్లు సంతోషించింది కూడా.

చేస్తున్నదల్లా ఆకుపచ్చ బిళ్ళలు మింగడం. అవి ఆడపడుచు తెచ్చినవి. భర్త చెల్లెలు ఆవిడ. బ్యూటీ పార్లరు మూసేశాక ఆరోగ్యాన్ని అమ్మే పనిలో పడింది. చంకలో సంచి, సంచి నిండా డబ్బాలు, నోటి నిండా మాటలు. మోకాళ్లు పట్టేస్తున్నాయని ఒకసారి పొరపాటున ఆవిడ ముందు అన్నందుకు ఇదంతా మొదలైంది.

"వదినా, సముద్రంలో లేనిదేమైనా ఉందా చెప్పు. కాల్షియం, ఇనుము, అయోడిన్, పీచు. అన్నీ నాచు పీల్చి దాచుకుంటుంది. మనం బిళ్ళ వేసుకుంటే చాలు."

"జనం సముద్రంలో పారబోసినవి కూడా అదే దాచుకుంటుందేమో చూడమ్మా" అన్నాడు భర్త, పేపరు వెనక నుంచి.

"అన్నయ్యా, నువ్వు బటానీ గింజకంటే పెద్దది ఏదీ మింగలేవు. నీకెందుకీ గొడవ?"

అది నిజం. అందుకే ఆయన బతికిపోయాడు. ఆమె మాత్రం మింగింది. మొదటి వారాల్లో హుషారు వచ్చిన మాటా నిజమే. చేతులు వణకడం మొదలైనప్పుడు ఆడపడుచుకే చెప్పింది. "ఒంట్లో పేరుకున్న విషం బయటికి పోతోంది వదినా. ఇప్పుడు ఆపితే అసలుకే మోసం. ఇంకోటి పెంచు" అంది ఆవిడ. పెంచింది. వణుకూ పెరిగింది. పెరిగిన కొద్దీ మళ్లీ పెంచింది.

దుకాణం నుంచి అలా వచ్చేసిన రోజు భర్త ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయన లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరయినవాడు. ఏ జబ్బయినా ఆయనకు లిఫ్టులోనే అర్థమవుతుంది. "నీ మోటారు మంచిదే. బ్రేకు పట్టుకోవట్లేదు. డాక్టరు దగ్గరికి పద" అన్నాడు.

"జీవితమంతా లిఫ్టులెక్కీ దిగీ మీకు మనుషులు కూడా పెట్టెల్లా కనిపిస్తున్నారు."

"పెట్టెవైతే ఈపాటికి రిపేరు చేసేవాణ్ణి. చెప్పులేసుకో."

డాక్టరమ్మ ఆమెను రెండు చేతులూ ముందుకు చాచమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. కాగితం ఫ్యాను కింద ఉన్నట్టు అల్లాడింది. ఫ్యాను మాత్రం ఆగే ఉంది. కాగితం చప్పుడు వింటూ కాజాలక్క తల తిప్పుకుంది. ఇంతవరకూ వణుకు కంటికి కనిపించేదే. ఇప్పుడు గదిలో అందరికీ వినిపిస్తోంది. డాక్టరమ్మ మెడ తడిమి, మింగమని చెప్పి, మళ్లీ తడిమింది. రక్తపరీక్ష రాసింది. రెండోసారి వెళ్లినప్పుడు రిపోర్టు చూసి, "థైరాయిడ్ గ్రంథి పరుగులు పెడుతోందమ్మా. ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"మందులేం లేవు."

"ఆ ఆకుపచ్చవి?" అన్నాడు భర్త.

"అవి మందులు కావండీ. నాచు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఏ నాచు?"

ఏ నాచంటే? నాచు నాచే. సముద్రం నాచు.

"డబ్బా తెచ్చారా? మీద ఏం రాసుందో చూడాలి. ఈలోపు ఆ బిళ్ళ ఒక్కటి కూడా వేసుకోకండి."

డబ్బా లేదు. అక్కడే వచ్చింది తంటా. దుకాణంలో ఏ సరుకు వచ్చినా పాకెట్టు చింపేసి గుండీలను గాజు సీసాల్లో పోయడం వాళ్ల అలవాటు. సీసా మెడకు ఒక గుండీ దారంతో కట్టేస్తారు. అది చూసి లోపలేముందో తెలుసుకోవాలి. ఇంట్లోనూ ఆమెది అదే పద్ధతి. ఆకుపచ్చ బిళ్ళలన్నీ ఒకే సీసాలోకి పోయాయి. మధ్యలో ఆడపడుచు కంపెనీ మారింది. కొత్త బిళ్ళలూ ఆకుపచ్చగానే ఉన్నాయి కాబట్టి అవీ ఆ సీసాలోకే పోయాయి. గుండీలైతే రంగూ సైజూ కలిస్తే ఒకటే. బిళ్ళలూ అంతే అనుకుంది. ఇంటికొచ్చి సీసా టేబుల్ మీద పెట్టుకుని చూస్తే ఏది ఏ కంపెనీదో ఆమెకే తెలియలేదు.

ఆడపడుచుకు ఫోను చేసింది. ఆవిడ గంట తిరక్కుండా దిగింది, చేతిలో రంగురంగుల పుస్తకంతో. పుస్తకంలో నీలం సముద్రం, నవ్వుతున్న ముసలాయన, ఇసుకలో పరిగెత్తే ముసలావిడ. నాచు గుండెకు మంచిది, ఎముకకు మంచిది, జుట్టుకు మంచిది. బిళ్ళలో అయోడిన్ ఎంతుందో మాత్రం ఒక్క పేజీలోనూ లేదు.

"కంపెనీకి ఫోన్ చెయ్యి" అంది కాజాలక్క.

చేశారు. ఫోనులో పాట వచ్చింది. పాట అయిపోయాక మళ్లీ అదే పాట వచ్చింది. చివరికి ఒకమ్మాయి పలికి, ఎంతో తియ్యగా, "మా ఉత్పత్తి పూర్తిగా సహజమైనది మేడమ్" అంది.

"అది కాదమ్మా. అయోడిన్ ఎంత?"

"పూర్తిగా సహజమైనది మేడమ్. కొత్త స్కీమ్ వివరాలు చెప్పమంటారా?"

ఆమె ఫోను ఆడపడుచు ఒళ్లోకి విసిరింది. "చూశావా? పేరు అడిగితే ఊరు చెబుతోంది. నువ్వు నమ్మి అమ్ముతున్నది ఈ పాటనా?"

"నేనూ అవే వేసుకుంటున్నానుగా వదినా. నాకేం కాలేదే?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు కీడు తలపెడతానా? అమ్మ పోయాక నాకు పురుళ్లు పోసింది నువ్వే."

ఆ మాటా అబద్ధం కాదు. అదే కాజాలక్కకు పిచ్చెక్కించింది. ఎవరూ కావాలని చెయ్యలేదు. దొంగ దొరికితే తిట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ మంచివాళ్లే, చెయ్యి మాత్రం పోయింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి ఉత్తిపుణ్యానికి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

గిన్నె తిప్పుతుండగా గుర్తొచ్చింది. తడి చేతులతోనే వచ్చి సంచి బోర్లించింది. అట్టముక్కలు నేల మీద పడ్డాయి. వాటిలో కోటు కొలతది తిరగేస్తే వెనక నీలం సముద్రం. డబ్బా ఆమె దగ్గరే ఉంది. రోజూ చేతిలోనే ఉంది. దానితో కొలిచే గుర్తులు పెట్టుకుంటూ, ఆ గుర్తుల మీద వణుకుతూ వచ్చింది. కొలత వైపు తప్ప వెనక వైపు ఎప్పుడూ చూడలేదు. చొక్కా కొలతది తిరగేస్తే రెండో కంపెనీ డబ్బా.

ముగ్గురూ అట్టలను దీపం కిందికి తెచ్చి చదివారు. గాటు పడ్డచోట ఒకటి రెండు అక్షరాలు ఎగిరిపోయాయి గానీ తక్కినదంతా ఉంది. సముద్రపు నాచు మిశ్రమం. సహజం. శుద్ధం. రోజుకు ఒకటి లేదా అవసరాన్ని బట్టి. ఏ నాచో లేదు. అయోడిన్ అనే మాట ఉంది, దాని పక్కన అంకె లేదు. ఎవరు పరీక్ష చేశారో లేదు. రెండో అట్టా అంతే, అక్షరాలు మాత్రం ఇంకాస్త అందంగా ఉన్నాయి.

"ఇంత వెతికింది దీనికా?" అన్నాడు భర్త.

మర్నాడు ఆ అట్టముక్కలే డాక్టరమ్మ టేబుల్ మీద పెట్టింది. డాక్టరమ్మ గాట్ల మీద వేలు పోనిచ్చి, ఇదేమిటని అడిగి తెలుసుకుని, వెనక్కి తిప్పి చదివింది.

"ఇందులో ఏమీ లేదు కదండీ" అంది కాజాలక్క, తన తప్పేనన్నట్టు.

"లేకపోవడం కూడా జవాబేనమ్మా. అయోడిన్ ఎంతో రాయని నాచు బిళ్ళ నోట్లో వేసుకోకూడదు. అంతే."

"అయితే నాచు విషమా?"

"కాదు. అయోడిన్ తక్కువైనవాళ్లకు మేలు చేస్తుంది. పీచుంది, ఖనిజాలున్నాయి. తిండిలో కొద్దిగా తింటే చాలామందికి ఏమీ కాదు. అయితే అన్ని నాచులూ ఒకటి కావు. గోధుమరంగు నాచులు కొన్ని అయోడిన్‌ను స్పాంజిలా పీల్చుకుంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది నూట యాభై మైక్రోగ్రాములు, చిటికెలో వెయ్యోవంతు కూడా కాదు. కొన్ని బిళ్ళల్లో దానికి ఎన్నో రెట్లుంటుంది. మీ గొంతులో చిన్న గడ్డలున్నాయి, అవి ఎప్పటివో. అలాంటి గ్రంథికి అంత అయోడిన్ అందితే పట్టపగ్గాలుండవు."

"మా ఆడపడుచుకేం కాలేదు."

"ఎక్కువైనదాన్ని చాలామంది గ్రంథి తోసేస్తుంది. మీది తోసెయ్యలేదు. ఆవిడకు పడిందని మీకు పడాలని లేదు. ఆవిడకు కూడా ఎప్పటికీ పడుతుందన్న పూచీ లేదు, ఒకసారి పరీక్ష చేయించుకోమనండి."

భర్త గొంతు సవరించుకున్నాడు. "సముద్రంలో పారబోసినవి కూడా పీలుస్తుందా డాక్టరుగారూ?"

"పీలుస్తుంది. సీసం, ఆర్సెనిక్ లాంటివి. అందుకే కంపెనీకి సంబంధం లేని ల్యాబు పరీక్ష చేసిందా అని చూడాలి. సహజం అని అచ్చు వేయించడానికి ల్యాబు అక్కర్లేదు."

ఆయన భార్య వైపు గర్వంగా చూశాడు. ఆమె చూపుతోనే ఆయన నోరు మూయించింది.

"గర్భిణులు, థైరాయిడ్ మందో రక్తం పలచబడే మందో వాడేవాళ్లు అడక్కుండా ముట్టకూడదు" అని డాక్టరమ్మ ఇంకా చెబుతోంది. కాజాలక్కకు ఇవన్నీ వినే ఓపిక లేదు. ముందు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు అందరూ చెబుతున్నారు. "నా చెయ్యి ఎప్పటికి ఆగుతుంది? అది చెప్పండి."

"వణుక్కి మందిస్తాను. గ్రంథి దారికి రావడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తొందరపడితే కాదు."

నల్ల కోట్లకు అంత గడువు లేదు. ఆ మాట డాక్టరమ్మకు చెప్పి ఏం లాభం? చెప్పకుండానే లేచింది.

ఆ నెలలు ఆమె ఇంట్లో ఎలా గడిపిందో భర్తనే అడగాలి. కాలు కాలిన పిల్లిలా గదిలోంచి గదిలోకి తిరిగింది. సీసాలో బిళ్ళలు కాగితంలో చుట్టి చెత్తలో వేసింది. ఆడపడుచు పరీక్ష చేయించుకుంది, ఏ తేడా లేదని తేలింది. "చూశావా వదినా" అనబోయి, వదిన మొహం చూసి ఆగిపోయింది. ఆ తర్వాత డబ్బాలు అమ్మడం మానలేదు గానీ, వెనక వైపు అంకె లేనివి మాత్రం తెచ్చుకోవడం మానేసింది. సంచి బాగా తేలికైందని వాపోయింది. అన్నిటికంటే కష్టం ఏమిటంటే, కాజాలక్క ఏమన్నా ఇంట్లోవాళ్లు సానుభూతిగా తల ఊపడం. పప్పులో ఉప్పెక్కువైందంటే థైరాయిడ్. కుళాయి కారుతోంది బాగుచెయ్యమంటే థైరాయిడ్. కుళాయి మాత్రం కారుతూనే ఉంది.

మందుతో వణుకు మెల్లగా దిగింది. రిపోర్టు దారికి వచ్చింది. ఇక చిన్న మోతాదు చాలంది డాక్టరమ్మ. ఆ మర్నాడు కాజాలక్క దుకాణం మెట్లెక్కింది.

కిటికీ పక్క స్టూలు మీద దారపు డబ్బాలు పేర్చి ఉన్నాయి. మెషిన్ మూలలోంచి వెలుతురులోకి వచ్చింది. దుప్పటి ఎక్కడా లేదు.

"రా అక్కా, రా. కోట్లు ఇచ్చేశాం. టైముకే ఇచ్చాం. కచేరీ కూడా అయిపోయింది. కాజాల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు మాస్టరు.

ఓదార్పుగానే అన్నాడు. ఆ ఓదార్పు సూదిలా దిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె ఇన్నేళ్లూ కళ్లు చిట్లించి ఆనించి నిలబెట్టిన ముడుల గురించి కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు మరి. ఆమె డబ్బాలు ఒక్కొక్కటే దించి నేల మీద పెట్టింది. కూర్చుంది. నల్ల గుడ్డ పీలిక ఒకటి తీసుకుని, చీల్చి, దారానికి మైనం రుద్ది, కుట్టడం మొదలుపెట్టింది. ముడి పక్కన ముడి. ఒక్కటీ తోసుకు రాలేదు. కొస తెంపి పీలికను మాస్టరు ముందు పెట్టింది.

"బానే వచ్చిందక్కా" అన్నాడతను. "నీకే ఇస్తాలే, ఎవరైనా చేతి కాజాలు కావాలని అడిగితే."

"అడగడానికి వాళ్లకేం తెలుసు? నువ్వు చెప్పవు, వాళ్లు అడగరు. నన్ను ఆ స్టూలు మీద గుండీలా కుట్టి ఉంచేద్దామనా?"

"అదుగో మళ్లీ. ఇంకా తగ్గలేదా అక్కా? మందు వేసుకుంటున్నావా?"

ఆమె సంచిలోంచి కొత్త అట్టముక్క తీసింది. రెండు చేతులూ అతని ముందుకు చాచి, వేళ్ల మీద అట్ట పెట్టుకుని నిలబడింది. ఫ్యాను తిరుగుతోంది. అట్ట కదల్లేదు. మాస్టరు దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"వణుకు బిళ్ళలది, పోయింది. కోపం నాది" అంది. "కొలతలు తీసేటప్పుడు అడుగు, కాజాలు చేత్తోనా, మెషిన్ మీదా అని."

"అడిగితే మెషిన్ చాలంటారక్కా."

"అననీ. వాళ్ల బదులు నువ్వు అనకు."

ఆ సాయంత్రం కోటు కొలతలకు ఒక పెద్దమనిషి వచ్చాడు. మాస్టరు భుజం కొలిచాడు, ఛాతీ కొలిచాడు, చెయ్యి పొడవు కొలిచాడు. టేపు చుట్టుకుంటూ, కిటికీ వైపు చూడకుండా అడిగాడు. "కాజాలు చేత్తో కుట్టించమంటారా సార్, మెషిన్ మీదా?"

"తేడా ఏముంది?" అన్నాడాయన.

కాజాలక్క లేచి, తన నల్ల పీలికా, మెషిన్ పక్కన పడున్న, మెషిన్ కాజా వేసిన ఇంకో నల్ల పీలికా తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టి, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని వంగాడు. నల్ల గుడ్డ మీద నల్ల దారం కంటికి ఆనలేదు కాబోలు, వేలు పెట్టాడు. మొదట ఆమె కుట్టినదాని మీద, తర్వాత రెండోదాని మీద. మళ్లీ మొదటిదాని మీద.